మన గుట్టు మన హక్కు

కిందటేడు మా అమ్మాయి పురిటికని ఆస్ట్రేలియా వెళ్లాను. వెళ్లిన నాలుగో రోజునే దానికి తోడుగా ఆస్పత్రికి వెళ్లాల్సి వచ్చింది. కాన్పుకు చేర్చుకునే ముందు నింపాల్సిన కాగితాలంటూ ఓ బొత్తి చేతికిచ్చారు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, బీమా నంబరు... గబగబా రాసేసిన అమ్మాయి ఒకచోట పెన్ను ఆపేసింది. 'ఇంతకుముందు ఎన్నిసార్లు గర్భం వచ్చింది? ఏమైంది?' అన్న ప్రశ్న అది.

అమ్మాయి కాగితం వెనక్కి తిప్పి చదవడం మొదలుపెట్టింది. ఈ వివరాలు ఎందుకు అడుగుతున్నారు, ఎవరెవరికి చూపిస్తారు, తప్పు జరిగితే ఎవరికి ఫిర్యాదు చేసుకోవాలి... అన్నీ అందులో ఉన్నాయి. అదీ చాల్లేదు దానికి. కౌంటరులో ఉన్నావిడ దగ్గరకు వెళ్లి, "ఇది డాక్టరూ నర్సులూ కాక ఇంకెవరు చూస్తారు?" అని అడిగింది. ఆవిడ విసుక్కోకుండా జవాబు చెప్పింది.

నాకు మాత్రం తల తీసేసినట్టయింది. "అదేమిటే, ఆస్పత్రిలో దాపరికమా? డాక్టరు దగ్గరా వకీలు దగ్గరా దాచకూడదంటారు" అన్నాను.

"డాక్టరు దగ్గర దాచడం లేదమ్మా. చెప్పింది డాక్టరు దగ్గరే ఉంటుందా అని అడిగానంతే" అంది. కాసేపాగి, నా మొహం వంక చూడకుండా, "చెప్పినచోట ఉండదని నాకొకసారి తెలిసొచ్చిందిగా" అంది.

ఆ మాట నన్నే. ఎందుకో చెబుతాను. (చెప్పేముందు అమ్మాయిని అడిగాను. పేరూ, ఊరూ రాయకపోతే సరేనంది.)

అంతకు రెండేళ్ల ముందు దానికి మూడో నెలలో కడుపు పోయింది. అర్ధరాత్రి ఫోను చేసి ఏడ్చింది. "ఎవరికీ చెప్పకమ్మా" అని ఒకటికి రెండుసార్లు అంది. నేను చెప్పింది ఒక్కరికే, మా చెల్లెలికి. అదీ బాధ పట్టలేక. చెల్లెలు తన కోడలికి చెప్పింది. వారం తిరిగేసరికి మా వదినగారు ఫోను చేసి, "ఏం మందులు వాడుతోంది?" అన్నారు. ఓ పెళ్లిలో ఎవరో పెద్దావిడ ఏకంగా అమ్మాయి అత్తగారినే పరామర్శించింది. పాపం, అప్పటికి ఆవిడకు తెలియనే తెలియదు! ఆ తరవాత నెల రోజులు మా అమ్మాయి నాకు ఫోను చేయలేదు. నేనేమో, 'ప్రేమకొద్దీ చెప్పుకున్నదానికి ఇంత కోపమా' అనుకున్నాను.

ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రం అమ్మాయి నాకు ఆ దేశంలో 2022లో జరిగిన ఓ సంగతి చెప్పింది. అది విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తరవాత పసివాణ్ని ఒళ్లో పెట్టుకుని, అల్లుడుగారు తెచ్చిపెట్టిన కాగితాలన్నీ చదివాను. నేను వకీలును కాను. కాని ఇది వకీళ్లకు మాత్రమే వదిలేయాల్సిన విషయం కాదనిపించి రాస్తున్నాను.

ఒక్కొక్కరికి ఒక్కో డాలరు

మెడిబ్యాంక్ అని ఆస్ట్రేలియాలో పెద్ద ఆరోగ్య బీమా సంస్థ. 2022 అక్టోబరులో దాని కంప్యూటర్లలోకి దొంగలు జొరబడ్డారన్న సంగతి బయటపడింది. పోయింది డబ్బు కాదు, మనుషుల వివరాలు. పాత, కొత్త కస్టమర్లు కలిపి 97 లక్షల మందివి! వారిలో దాదాపు 18 లక్షల మంది చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లిన విదేశీయులు. అక్కడ చదువుకునే విదేశీ విద్యార్థులకు ఆరోగ్య బీమా తప్పనిసరి. మన పిల్లలు వేల సంఖ్యలో చదువుతున్న దేశం కాబట్టి ఈ వార్త మనకు దూరపు వార్తేమీ కాదు.

వారిలో సుమారు 4 లక్షల 80 వేల మందివైతే ఏ వైద్యానికి బీమా అడిగారో ఆ వివరాలు కూడా దొంగల చేతికి చిక్కాయి. తలుపు తీసినవాడెవడో కాదు, ఓ మామూలు అజాగ్రత్త. కాంట్రాక్టు పనిచేసే ఓ ఉద్యోగి సంస్థ పాస్‌వర్డును తన సొంత బ్రౌజరులో దాచుకున్నాడని, అది అతని ఇంటి కంప్యూటరుకూ చేరి అక్కణ్నుంచి దొంగల పాలయిందని, పాస్‌వర్డు తరవాత రెండో తాళం అడిగే ఏర్పాటు సంస్థ చేయలేదని ప్రభుత్వ సమాచార కమిషనర్ కార్యాలయం కోర్టులో ఆరోపించింది.

దొంగలు కోటి డాలర్లు అడిగారు. తరవాత బేరానికి దిగి, మనిషికో డాలరు చొప్పున 97 లక్షలిస్తే చాలన్నారు. ఇచ్చినా మాట నిలబెట్టుకుంటారన్న నమ్మకం లేదని సంస్థ పైసా ఇవ్వనంది. దాంతో నవంబరులో దొంగలు ఆ వివరాలను ఇంటర్నెట్ చీకటి సందుల్లో విడతలు విడతలుగా పడేశారు. అందులో ఒక జాబితాకు వాళ్లు పెట్టిన పేరు 'గర్భస్రావాలు'. కావాలని గర్భం తీయించుకున్నవాళ్లే కాదు, కడుపు నిలవక పోగొట్టుకున్నవాళ్లు, పిండం ఎదగక వైద్యం చేయించుకున్నవాళ్లు... అందరినీ ఒక్క గాటన కట్టేశారు.

దొంగలకు ఆ జాబితానే ఎందుకు కావాలనిపించింది? ఆడవాళ్లు సిగ్గుతో చచ్చిపోతారనీ, ఆ గొడవకు భయపడి సంస్థ డబ్బిస్తుందనీ! మన సిగ్గును వాళ్లు కత్తిలా వాడుకున్నారన్నమాట. అప్పటి హోంశాఖ, సైబర్ భద్రత మంత్రి క్లేర్ ఓనీల్ పార్లమెంటులో లేచి, ఆ మహిళలనుద్దేశించి, మంత్రిగానే కాదు అంతకుమించి ఓ ఆడదానిగా చెబుతున్నాను, ఇలా జరిగి ఉండకూడదు అన్నారు. 2024 జనవరిలో ఓ రష్యన్ జాతీయుడి మీద ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. సైబర్ నేరానికి ఆ దేశం అలాంటి ఆంక్షలు వేయడం అదే మొదలు.

అమ్మాయి ఇదంతా చెప్పి, "ఆ జాబితాలో నా పేరు లేదమ్మా. కాని నాకూ ఓ జాబితా ఉంది. మన చుట్టాలది" అంది.

నేనేం మాట్లాడగలను?

కార్డు వద్దన్నారు, చట్టం వచ్చింది

ప్రైవసీ చట్టం ఆ దేశానికి కొత్త కాదు. అది పుట్టిన తీరు భలే చిత్రంగా ఉంటుంది. 1985లో బాబ్ హాక్ ప్రభుత్వం ప్రతి ఒక్కరికీ 'ఆస్ట్రేలియా కార్డు' అని ఓ గుర్తింపు కార్డు ఇస్తామంది. పన్నులు ఎగ్గొట్టేవాళ్లను పట్టుకోడానికట. సెనేట్ ఒప్పుకోలేదు. ఆ బిల్లు మీదే 1987లో పార్లమెంటు రెండు సభలనూ రద్దుచేసి ఎన్నికలకు వెళ్లారు. హాక్ గెలిచారు గాని, జనంలో వ్యతిరేకత చూసి కార్డును వదిలేసుకున్నారు. దాని బదులు పన్ను నంబరు పద్ధతిని గట్టి చేశారు. ఆ నంబరును ఎవరు పడితే వాళ్లు వాడుకోకుండా కాపలాగా 1988లో ప్రైవసీ చట్టం తెచ్చారు.

మొదట్లో ఆ చట్టం ముఖ్యంగా కేంద్ర ప్రభుత్వ శాఖలకే. 2001 డిసెంబరు నుంచి ప్రైవేటు సంస్థలకూ వర్తించింది. 2014 మార్చిలో 13 సూత్రాలు పెట్టారు. వాటి సారం మన ఇంటి భాషలో చెప్పాలంటే ఇంతే: అవసరమైనంతే అడగాలి. ఎందుకు అడుగుతున్నారో చెప్పాలి. అడిగిన పనికే వాడాలి. జాగ్రత్తగా దాచాలి. పని అయిపోయాక తీసేయాలి. అడిగితే మనది మనకు చూపించాలి, తప్పుంటే దిద్దాలి. 2018 ఫిబ్రవరి నుంచి ఇంకోటి చేరింది. వివరాలు పోయి మనకు పెద్ద హాని జరిగే ప్రమాదముంటే సంస్థ ఆ సంగతి మనకూ, కమిషనర్‌కూ చెప్పి తీరాలి. గుట్టుచప్పుడు కాకుండా కప్పిపుచ్చుకోడానికి వీల్లేదు.

చట్టం ఉందిగా, మరి 2022లో అలా ఎందుకైంది? కొరడా చిన్నది కాబట్టి! అప్పటికి ఒక ఉల్లంఘనకు గరిష్ఠ జరిమానా 22 లక్షల 20 వేల డాలర్లు. పెద్ద కంపెనీకి అదో లెక్కా? మెడిబ్యాంక్ కన్నా నెల ముందే, 2022 సెప్టెంబరులో, ఆప్టస్ అనే ఫోన్ల కంపెనీ నుంచి దాదాపు 98 లక్షల మంది వివరాలు పోయాయి. కొందరి పాస్‌పోర్టు నంబర్లు, డ్రైవింగ్ లైసెన్సు నంబర్లు కూడా. 2023 మార్చిలో లాటిట్యూడ్ అనే అప్పులిచ్చే సంస్థ వంతు వచ్చింది. అక్కడ సుమారు కోటీ నలభై లక్షల రికార్డులు. ఎప్పుడో అప్పు తీర్చేసి మర్చిపోయినవాళ్ల వివరాలు కూడా ఏళ్ల తరబడి అట్టే పెట్టుకున్నారని అప్పుడు తెలిసింది. మనం పాత చీరలైనా బీరువాలోంచి తీసి పంచుతాం. వీళ్లు మన పాత కాగితాలను వదలరు!

కొరడా పెద్దదైంది

జనం కోపం చూసి ప్రభుత్వం 2022 డిసెంబరులో జరిమానా పెంచింది. తీవ్రమైన ఉల్లంఘనకు 5 కోట్ల డాలర్లు, లేదా దానివల్ల పొందిన లాభానికి మూడు రెట్లు, లేదా ఆ కాలంలో టర్నోవరులో 30 శాతం... ఏది ఎక్కువైతే అది గరిష్ఠం. 2023 ఫిబ్రవరిలో చట్టాన్ని సమీక్షించిన నివేదిక 116 సూచనలు చేసింది. ప్రభుత్వం అదే ఏడు సెప్టెంబరులో 38 సూచనలకు సరేనంది, 68 సూచనలకు 'సూత్రప్రాయంగా' సరేనంది. ఈ 'సూత్రప్రాయంగా' అన్నమాట మనకు అలవాటే కదా! పెళ్లిచూపులకొచ్చి, 'ఇంటికెళ్లి కబురు చేస్తాం' అనడం లాంటిది.

కోర్టులో మొదటి జరిమానా 2025 అక్టోబరు 8న పడింది. ఆస్ట్రేలియన్ క్లినికల్ ల్యాబ్స్ అని రక్తపరీక్షలూ అవీ చేసే సంస్థ. 2022 ఫిబ్రవరిలో దాని మెడ్‌ల్యాబ్ విభాగం నుంచి 2 లక్షల 23 వేల మందికి పైగా వివరాలు పోయాయి. కాపాడటంలో అజాగ్రత్త, ఎంత నష్టమైందో తేల్చుకోవడంలో అజాగ్రత్త, కమిషనర్‌కు చెప్పడంలో ఆలస్యం... మూడు తప్పులకూ కలిపి ఫెడరల్ కోర్టు 58 లక్షల డాలర్లు కట్టమంది. నేరం పాతది కాబట్టి పాత కొరడాయే తగిలింది. చట్టం వచ్చిన ముప్ఫై ఆరేళ్లకు మొదటి దెబ్బ!

దుకాణాలనూ వదల్లేదు. కేమార్ట్ అనే చవక సరుకుల దుకాణాలు 28 చోట్ల, 2020 జూన్ నుంచి 2022 జూలై దాకా, లోపలికొచ్చిన వాళ్ల ముఖాలను కెమెరాలతో గుర్తించే యంత్రాలు పెట్టాయి. కొన్న సరుకు తిరిగిచ్చి డబ్బు తీసుకునే దగ్గర మోసాలు పట్టుకోడానికట. ఎవరో కొందరి మోసానికి వచ్చినవాళ్లందరి ముఖాలూ నమోదు చేస్తారా అని ప్రైవసీ కమిషనర్ కార్లీ కైండ్ 2025 సెప్టెంబరులో తప్పుపట్టారు.

ఇప్పుడు ఆమే కోర్టుకెక్కొచ్చు

అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించింది 2024 చివర్లో వచ్చిన సవరణ. డిసెంబరు 10న దానికి ఆమోదముద్ర పడింది. అప్పటిదాకా ప్రైవసీ చట్టం సంస్థలకే గాని మనుషులకు వర్తించేది కాదు. మాజీ భర్త, ప్రేమించానని వెంటపడేవాడు, ఇంటి యజమాని, పక్కింటివాడు ఆడదాని ఆంతరంగిక విషయాల్లో చొరబడితే ఆమె ఏం చేయాలి?

పాత కేసొకటి చూడండి. విక్టోరియా రాష్ట్రంలో ఓ మహిళ. కలిసి బతికిన మగవాడు పడకగది దృశ్యాలు వీడియో తీసి, విడిపోయాక ఆమెకు కావలసినవాళ్లకు చూపించాడు. కింది కోర్టులో ఆ వీడియో విషయంలో ఆమెకు పరిహారం దక్కలేదు. 2008లో అప్పీలు కోర్టు ఇప్పించింది. అదైనా ప్రైవసీకి భంగం కలిగినందుకు కాదు. అలాంటి తప్పు చట్టంలో స్థిరపడలేదు కాబట్టి, నమ్మకద్రోహం అన్న పాత సూత్రాన్ని పట్టుకుని న్యాయం చేయాల్సి వచ్చింది. అలాంటి చట్టం కావాలని న్యాయ సంస్కరణల కమిషన్ 2008లోనూ, 2014లోనూ చెప్పినా పని జరగలేదు.

2025 జూన్ 10 నుంచి జరిగింది. ఇప్పుడు ప్రైవసీకి తీవ్రంగా భంగం కలిగిస్తే బాధితురాలే నేరుగా దావా వేయొచ్చు. చాటుగా చూడటం, వినడం, రికార్డు చేయడం ఒక రకం. ఆమె సమాచారాన్ని దుర్వినియోగం చేయడం రెండో రకం. డబ్బు నష్టపోయానని రుజువు చేయనక్కర్లేదు! మనసుకు తగిలిన దెబ్బకు, ఇతర నష్టాలు పక్కనుంచితే, 4 లక్షల 78 వేల 550 డాలర్ల దాకా, లేదా పరువునష్టం కేసుల్లో ఇచ్చే గరిష్ఠం దాకా, ఏది ఎక్కువైతే అంత పరిహారం కోర్టు ఇవ్వొచ్చు. క్షమాపణ చెప్పమనొచ్చు. ఇంకా బయటపడకముందే ఆపమని ఉత్తర్వు ఇవ్వొచ్చు. తెలిసిన ఏడాదిలోగా, ఏదైనా జరిగిన మూడేళ్లలోగా వేయాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు జరిగితే ఇరవై ఒకటో పుట్టినరోజు లోపల వేసుకోవచ్చు.

అదే సవరణతో మరో నేరం కూడా వచ్చింది. ఎవరినైనా బెదిరించేలా, వేధించేలా వాళ్ల పేరు, ఫోను నంబరు, చిరునామా లాంటివి ఇంటర్నెట్‌లో పెడితే ఆరేళ్ల వరకు జైలు. జాతి, మతం, స్త్రీ అన్న కారణంతో, అలాంటివే మరికొన్ని కారణాలతో చేస్తే ఏడేళ్లు. అంతకుముందే, 2024 సెప్టెంబరు నుంచి, మనిషి ఒప్పుకోకుండా అసభ్యమైన నకిలీ బొమ్మలు, వీడియోలు పంచితే ఆరేళ్ల దాకా శిక్ష.

పిల్లల సంగతీ ఆలోచించారు. పిల్లలు వాడే ఆన్‌లైన్ సేవలు వాళ్ల వివరాలతో ఎలా మసలుకోవాలో చెప్పే నియమావళికి 2026 డిసెంబరు 10 గడువు పెట్టారు. మన జీవితాలను గట్టిగా తాకే నిర్ణయాల్లో కంప్యూటరు పాత్ర ఉంటే, ఆ సంగతి సంస్థలు తమ ప్రైవసీ పత్రంలో చెప్పాలన్న నిబంధన కూడా అదే తేదీ నుంచి అమలయ్యేలా పెట్టారు.

చిల్లులూ ఉన్నాయి

ఏ మాటకామాట చెప్పుకోవాలి. ఇంత చేసినా ఆ 'జాబితా'లోని ఆడవాళ్లకు ఈ కొత్త దావా హక్కు పనికిరాదు. వాళ్లకు అన్యాయం జరిగింది 2022లో, హక్కు వచ్చింది 2025లో. పైగా ఈ దావా కావాలని చేసినవాళ్ల మీదా, ఏమైతే నాకేం అన్న తెగింపుతో చేసినవాళ్ల మీదే. అజాగ్రత్తగా ఉన్నానంటే సరిపోయే కంపెనీని ఇది పట్టుకోలేదు. చట్టం తప్పిన సంస్థ మీద ఎవరైనా నేరుగా కోర్టుకెళ్లే హక్కు ఇవ్వాలని సమీక్షలో సూచించారు. ప్రభుత్వం దానికీ 'సూత్రప్రాయంగా' సరేనంది గాని 2024 సవరణలో పెట్టలేదు. మెడిబ్యాంక్ మీద సామూహిక దావాలు, కమిషనర్ కార్యాలయం 2024 జూన్‌లో వేసిన కేసు... అవి వేరే దారుల్లో వేసినవి.

ఇంకో పెద్ద చిల్లు. ఏడాదికి 30 లక్షల డాలర్లకు మించి టర్నోవరు లేని చిన్న వ్యాపారాలకు చాలావరకు ఆ చట్టం వర్తించదు. దేశంలోని వ్యాపారాల్లో నూటికి తొంభైకి పైగా ఈ కోవలోవే. ఇల్లు అద్దెకిప్పించే చిన్న ఏజెంట్లు ఉంటారు. ఇల్లు కావాలంటే పాస్‌పోర్టు, జీతం కాగితం, బ్యాంకు లెక్క అన్నీ ఇచ్చుకోవాలి. అవి ఎక్కడ పడి ఉంటాయో ఎవరికి ఎరుక? వైద్యం చేసేవాళ్లకు మాత్రం ఈ మినహాయింపు లేదు. ఎంత చిన్న క్లినిక్ అయినా చట్టానికి కట్టుబడాల్సిందే. ఉద్యోగుల రికార్డుల విషయంలో ప్రైవేటు యజమానులకూ, ఓట్ల పనుల్లో రాజకీయ పార్టీలకూ మినహాయింపులున్నాయి. ఈ చిల్లులు పూడ్చే రెండో విడత సవరణ 2025 ముగిసేదాకా రాలేదు.

మన దగ్గర

మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కేనని తేల్చింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన నిబంధనలకు మరో 18 నెలల గడువిచ్చారు. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. కాని అది ప్రభుత్వ ఖజానాకు వెళుతుంది. నష్టపోయినామెకు ఈ చట్టం కింద పరిహారం అడిగే దారి పెట్టలేదు. ఈ ఒక్క విషయంలోనూ ఆస్ట్రేలియా కొత్త సవరణను మనం గమనించాలి. అక్కడ దెబ్బ తిన్న మనిషికే తలుపు తెరిచారు.

అక్కడున్న మన పిల్లలకు చెప్పండి

* ఎవరు వివరాలడిగినా 'ఎందుకు? ఎన్నాళ్లు ఉంచుతారు?' అని అడగడం అక్కడ మర్యాదకు లోపం కాదు. పన్ను నంబరును యజమాని, బ్యాంకు, పన్ను శాఖ లాంటి చట్టం ఒప్పినవాళ్లకే ఇవ్వాలి. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకు అక్కర్లేదు.
* ఫోను కంపెనీ మారినా, బీమా మానేసినా, పాత వివరాలు తీసేయమని రాతపూర్వకంగా అడగాలి. కొన్ని రికార్డులు కొన్నేళ్లు ఉంచాలని చట్టమే చెబుతుంది. అవైతే ఏవో చెప్పమనాలి.
* చట్టం వర్తించే సంస్థతో పేచీ వస్తే ముందు వాళ్లకే ఫిర్యాదు రాయాలి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఆస్ట్రేలియా సమాచార కమిషనర్ కార్యాలయానికి రాయొచ్చు. పైసా ఖర్చు లేదు.
* పాస్‌పోర్టు, లైసెన్సు నంబర్లు దొంగల పాలయ్యాయని కబురొస్తే కంగారుపడక ఐడీకేర్ అనే ఉచిత సేవను అడగొచ్చు. ఏం మార్చుకోవాలో, ఏది అక్కర్లేదో చెబుతారు.

ఎవరిని అడగాలి?

'ప్రైవసీ'ని తెలుగులో గోప్యత అంటున్నాం. అది వింటే ఏదో తప్పు దాచిపెట్టినట్టుంటుంది నాకు. మనకు అంతకన్నా మంచి మాటుంది, గుట్టు. 'గుట్టుగా సంసారం చేసుకుంటోంది' అని మెచ్చుకుంటాం. కాని ఆలోచించండి. ఇంటి గుట్టు బయటపెట్టకు తల్లీ అని ప్రతి ఆడపిల్లకూ చెప్పి పంపిస్తాం. ఆడపిల్ల గుట్టు ఇంట్లోవాళ్లు కాపాడాలని మాత్రం ఎవరికీ చెప్పం. దాని నెలసరి, దాని కడుపు, దాని మందులు... అన్నీ అందరి కబుర్లే! అందుకే కాబోలు, ఆ దొంగలకు ఆడవాళ్ల జాబితా అంత విలువైనదిగా కనిపించింది. సిగ్గు ఉన్నచోటే బేరం ఉంటుంది.

నేను చేసిన పనికి నామీద ఎవరూ కోర్టుకెక్కరు. కాని ఆ ఆస్పత్రి కౌంటరులో, ముక్కూమొహం తెలియనావిడ మా అమ్మాయి ప్రశ్నకు ఇచ్చిన విలువ, కన్నతల్లిని నేను దాని మాటకు ఇవ్వలేదు. "తప్పు నాదేనే" అని చెప్పడానికి నాకు పసివాడు పుట్టిన పదకొండో రోజుదాకా నోరు రాలేదు. అమ్మాయి ఏమీ అనలేదు. బిడ్డను నా ఒళ్లో పెట్టి స్నానానికి వెళ్లింది.

మర్నాడు బారసాల ముచ్చట్లలో మా చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, పిల్లాడి ఫొటో పంపవే, గ్రూపులో పెడతా. బరువెంత పుట్టాడు? మామూలు కాన్పేనా, కోతా?" అని ఒకటే ప్రశ్నలు.

ఫోను చెవి దగ్గర పెట్టుకునే వంటింటి వైపు తిరిగాను.

"అమ్మడూ, పిన్ని అడుగుతోంది. చెప్పమంటావా?"

అమ్మాయి గరిటె చేత్తో పట్టుకునే కాసేపు ఆలోచించింది. "బరువు చెప్పు. ఫొటో వద్దు. కాన్పు సంగతి నేనే పిన్నితో మాట్లాడతానులే" అంది.

అలాగే చెప్పాను. చెల్లెలు చిన్నబుచ్చుకుంది. ఫరవాలేదు, రెండు రోజుల్లో సర్దుకుంది.